దూరపు ఖరీదుదారు అడుగు ప్రశ్నలకు జవాబు చెప్పు విధము



"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అను సామెత మనకు క్రొత్తది కాదు. మనము అమ్ముకొను వేళ ధర తగ్గుటకు కారణములు పెక్కులు గలవు. వానిలో చాలవఱకు మన చేతిలో లేవు. వాన మన చేతిలో లేదు. పైరాష్ట్రములలో పండిన పంట మన చేతిలో లేదు. కాని యొక కారణము మాత్రము పూర్తిగా మన చేతిలోనే యున్నది. ఖరీదుదారు అడిగిన ప్రశ్నకు మనమిచ్చు జవాబే యది. ఈ నెల పాఠము దానిని గూర్చినది.

1. కంటికి కనబడని సరుకు

పూర్వము తొండుపల్లి, శంషాబాదు ప్రాంతపు రైతు సరుకును బండికెత్తి అంగడికి కొనిపోయినపుడు ఖరీదుదారు బస్తాలో చేయిపెట్టి, గుప్పెడు గింజలు తీసి, అరచేత నలిపి, పంటితో కొరికి చూచి ధర చెప్పుచుండెను. అతడు ప్రశ్నలు తక్కువగా వేసెడివాడు. అతని కన్నును, చేయియు, పల్లును అతనికి జవాబు చెప్పుచుండెను.

నేడు కాలము మారినది. జాతీయ వ్యవసాయ మార్కెట్టు, అనగా మనము ఈ-నామ్ అని పిలుచునది, 2016వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన 8 రాష్ట్రములలోని 21 మార్కెట్లతో ఆరంభమైనది. నిజామాబాదు యార్డులో పసుపు ఈ పద్ధతినే వేలమగుచున్నది. 2020 ఏప్రిల్‌లో రైతు ఉత్పత్తిదారుల సంఘములు తమ సరుకును యార్డునకు తేకయే, తమ సేకరణ కేంద్రమునుండియే, ఫొటోతోను నాణ్యపు వివరములతోను వేలమునకు పెట్టుకొను ఏర్పాటు కలిగినది. ఇదిగాక, పాత ట్రాక్టరును, నాగలిని, పంపుసెట్టును ఫోనులో బొమ్మ పెట్టి అమ్ముట మన పల్లెలలో సామాన్యమైనది.

ఈ వేలములలో పాట పాడువాడు సరుకును ముట్టుకొనజాలడు. చెఱువులో మునిగియున్న బఱ్ఱెను గట్టుమీద నిలిచి బేరమాడువాని స్థితి యతనిది. కొమ్ములు కనబడును; పొదుగు కనబడదు. కావున అతడు ప్రశ్న వేయును. ఆ ప్రశ్నను మనలో కొందఱు అనుమానముగా, అవమానముగా భావించి, "ఇష్టముంటే కొనుము, లేకున్న మానుము" అని విసుగుకొందురు. ఇది తప్పు. ప్రశ్న వేసినవాడు కొనగోరినవాడు. కొనగోరనివాడు ప్రశ్న వేయడు. పుట తిరుగవేసి పోవును.

2. అనుమానము ధరలో కోతయగుట

జార్జి అకెర్లాఫ్ అను అమెరికా అర్థశాస్త్రవేత్త 1970లో పాత మోటారుకార్ల బేరమును గూర్చి యొక వ్యాసము వ్రాసెను. ఆయనకు 2001లో నోబెల్ బహుమానములో భాగము లభించెను. ఆయన చెప్పిన విషయమును మన మొక్కజొన్న లెక్కలోనికి మార్చి చూతము. ఇందలి ధరలు లెక్కకై అనుకొన్నవి.

మంచి మక్కలు క్వింటాలు 2,400 రూపాయలు, నాసి మక్కలు 2,000 రూపాయలు చేయుననుకొందము. దూరపు ఖరీదుదారునకు ఏది మంచిదో ఏది నాసిదో తెలియదు. సగము మంచివి, సగము చెడ్డవి యుండునని తలచి 2,200 పాడును. మంచి సరుకు గల రైతు క్వింటాలునకు 200 రూపాయలు నష్టపోవును. 40 క్వింటాళ్ళు గలవాడు 8,000 రూపాయలు పోగొట్టుకొనును. అంతటితో ఆగదు. మంచి సరుకువాడు ఆ ధరకు ఒప్పక తన సరుకును వెనుకకు తీసికొనును. వేలములో నాసిసరుకే మిగులును. ఆ సంగతి గ్రహించిన ఖరీదుదారు మఱునాడు 2,000 మాత్రమే పాడును. ఇట్లు మంచి చెడ్డలు తెలియనిచోట చెడ్డసరుకు మంచిసరుకును అంగడినుండి వెడలగొట్టును.

ఈ నష్టమునకు మందు ఒక్కటే. తన సరుకు మంచిదని రైతు నమ్మదగిన రీతిగా తెలియజెప్పవలెను. ఊరక "ఫస్టు క్లాసు సరుకు" అనుట తెలియజెప్పుట కాదు. ఆ మాట నాసిసరుకువాడును అనగలడు. అతడు అనజాలని మాటను మనము అనవలెను. అది కొలిచి చెప్పిన మాట.

3. తేమను గూర్చిన ప్రశ్నలో ఎంత డబ్బున్నది?

"తేమ ఎంత?" అని ఖరీదుదారు అడుగును. ఇది చాదస్తపు ప్రశ్నయని తలపరాదు. 18 శాతము తేమగల మొక్కజొన్న 100 క్వింటాళ్ళు కొన్నవానికి అందు 18 క్వింటాళ్ళు నీరు, 82 క్వింటాళ్ళు గింజ వచ్చును. అతడు దానిని 14 శాతమునకు ఆరబెట్టిన పిమ్మట మిగులు బరువు తెలియుటకు 82ను 86చే భాగించి 100చే గుణింపవలెను. సుమారు 95 క్వింటాళ్ళ 35 కిలోలు వచ్చును. అనగా 4 క్వింటాళ్ళ 65 కిలోలు గాలిలో కలిసిపోయెను. క్వింటాలు 2,000 రూపాయల చొప్పున నది సుమారు 9,300 రూపాయలు. ఆరబెట్టు కూలి దీనికి అదనము.

తేమ చెప్పనిచో ఖరీదుదారు 18 శాతముగాక 20 శాతమని యెంచి ధర కట్టును. ఏలననగా తెలియనిచోట తనకు నష్టము రాని లెక్కనే ప్రతివాడును వేసికొనును. మన సరుకు నిజముగా 14 శాతమునకు ఆరియున్నచో మనము ఎండలో పడిన శ్రమ యంతయు ఒక్క జవాబు లేక వ్యర్థమగును.

మద్దతు ధర కొనుగోలులో అనుసరింపబడు హద్దులు ప్రతి సభ్యునకును కంఠస్థముగా నుండవలెను: వడ్లకు 17 శాతము, మొక్కజొన్నకు 14, కందులకు 12. ప్రత్తికి 8 శాతము. అటుపై 12 శాతము వఱకు ధరలో కోతతో తీసికొందురు.

4. ప్రశ్న రాకముందే జవాబు సిద్ధపఱచుకొనుట

వేలమునకు పెట్టుటకు ముందురోజే ఈ క్రింది సంగతులను నోటుబుక్కులో వ్రాసికొనవలెను.

(అ) విత్తనపు రకము, కోసిన తేదీ, నూర్చిన తేదీ.
(ఆ) తేమ శాతము, కొలిచిన తేదీ, ఎవరి యంత్రముతో కొలిచినది.
(ఇ) తాలు, మట్టి, చెత్త, విరిగిన గింజ నూటికెంత.
(ఈ) పురుగు గాని, బూజు గాని కలదా? కలదేని ఎంత?
(ఉ) చివరి మందు ఏది, ఎప్పుడు చల్లినది. కూరగాయలకును పూలకును ఇది ముఖ్యము.
(ఊ) బస్తాల సంఖ్య, సంచి బరువు పోను నికరపు తూకము.
(ఋ) సరుకు ఉన్న చోటు. అచ్చటికి లారీ చేరునా, చేరదా.
(ౠ) హమాలీ కూలి ఎవరిది, డబ్బు ఎన్నాళ్ళలో చెల్లవలెను.

నమూనా తీయుటలో జాగ్రత్త వహింపవలెను. రాశి పైభాగమున గింజలు ఎండకు బాగుగ ఆరియుండును. అడుగున చెమ్మ యుండును. పైనుండి తీసిన గుప్పెడు రాశి యంతటికిని సాక్ష్యము కాజాలదు. రాశియందు పైన, నడుమ, అడుగున, నాలుగు ప్రక్కలను తీయవలెను. బస్తాలైనచో లోనికి గుచ్చి గింజలు తీయు ఇనుప గొట్టముతో పలు బస్తాలనుండి తీయవలెను. అన్నిటిని గుడ్డపై పోసి కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు తీసివేసి, మిగిలినదానిని మరల కలిపి మరల నట్లే చేయవలెను. చివరకు మిగిలిన కిలో గింజలే సరియైన నమూనా. వానిలో సగము పరీక్షకు పంపి, సగము మూతి కట్టి, తేదీ వ్రాసి సంఘమునందు దాచవలెను. రేపు తగవు వచ్చినచో ఈ చిన్న సంచియే మన సాక్షి.

హాలెండు దేశమున పూలు పండించు రైతులు రాయల్ ఫ్లోరాహోలాండ్ అను సహకార సంఘముగా నేర్పడి ఆల్స్‌మేర్ అను ఊర వేలము నడుపుచున్నారు. అది మనవంటి రైతుల సొత్తే. అచ్చట పాడువారనేకులు తమ తమ ఊళ్ళలో కంప్యూటరు ముందు కూర్చుండియే పాడుదురు. కావున రైతు ప్రతి లాటుతోను కాడ పొడవు, మొగ్గ విచ్చిన దశ, పూల సంఖ్య మొదలగునవి వ్రాసి పంపును. మన శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో తెఱవబడినది. పూలును కూరగాయలును దూరప్రాంతములకు పోగల దారి మన గడపయందే యున్నది. ఆ దారిని సరుకు పోవలెనన్న దానికంటె ముందు నమ్మదగిన వివరము పోవలెను.

5. జవాబునకు అయిదు నియమములు

మొదటిది: అడిగినదానికి జవాబు చెప్పవలెను, వేఱొకదానికి కాదు.

ప్రశ్న: అయ్యా, మక్కలలో తేమ ఎంత?
చెడ్డ జవాబు: మాది మంచి నేలండి, సరుకు బంగారము.
మంచి జవాబు: నిన్న సాయంత్రము సంఘపు యంత్రముతో కొలిచితిమి. మూడు చోట్ల 13.6, 14.1, 14.4 వచ్చినది.

రెండవది: లోపమును మనమే ముందు చెప్పవలెను; దాని పరిమాణము కూడ చెప్పవలెను.

ప్రశ్న: బూజు పట్టిన గింజలున్నవా?
చెడ్డ జవాబు: అటువంటివేమియు లేవు.
మంచి జవాబు: కోతవేళ ఒక వాన పడినది. నల్లబడిన గింజలు నూటికి సుమారు 2 ఉన్నవి. దగ్గఱగా తీసిన ఫొటో పంపుచున్నాము. బూజువలన కలుగు విషమునకు పరీక్ష చేయింపలేదు.

ఈ జవాబు చూచి ఖరీదుదారు పాఱిపోవునని భయపడనక్కఱలేదు. కోళ్ళదాణాకు కొనువాడైనచో అతడు పరీక్ష అడుగవచ్చును, ధర కొంత తగ్గింపవచ్చును. చెప్పకున్నచో జరుగునదేమి? లారీ అచ్చటికి పోయిన పిమ్మట లోపము బయటపడును. అప్పుడతడు కోరినంత తరుగు తీయును. లేదా లారీని త్రిప్పి పంపును. రానుపోను బాడుగ మనపై పడును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ప్రయోజనము లేదు.

మూడవది: తెలియనిదానిని తెలియదని చెప్పి, తెలిసికొనుటకు గడువు చెప్పవలెను. "కొలువలేదు, రేపు ఉదయము 9 గంటలలోపల కొలిచి చెప్పెదను" అనుట గౌరవమైన జవాబు. అట్లనిన పిదప 9 గంటలలోపల చెప్పితీఱవలెను.

నాలుగవది: వేలము ముగియుటకు చాల ముందే చెప్పవలెను. ఒకనికి చెప్పిన ముఖ్యసంగతి అందఱికిని తెలియునట్లు వివరముల పుటలో చేర్పవలెను. ఒకనికి లోపము చెప్పి మఱొకనికి దాచినచో, తెలియక పాడినవాడు గెలుచును, తెలిసిన పిదప తగవులాడును. అందఱికిని ఒకే జవాబు అందినచోట పాట నిర్భయముగా సాగును.

అయిదవది: వ్రాతమూలముగా చెప్పవలెను. ఫోనులో మాటాడినను, వెంటనే ఆ మాటలనే రెండు పంక్తులలో సందేశముగా పంపవలెను. మాట గాలిలో పోవును, వ్రాసినది నిలుచును. నోరు మంచిదైతే ఊరు మంచిదగునన్నట్లు, ఖరీదుదారు ఎంత మొఱటుగా అడిగినను మన వ్రాత మర్యాదగానే యుండవలెను.

6. చట్టము ఏమనుచున్నది?

1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము 17వ సెక్షనులో మోసమునకు అర్థము చెప్పి, వేలములో అమ్మిన గుఱ్ఱమును ఉదాహరణముగా చూపినారు. గుఱ్ఱమునకు జబ్బున్నదని అమ్మువానికి తెలియును, అతడేమియు చెప్పలేదు. ఇది మాత్రముచేత మోసము కాదు. కాని కొనువాడు, "నీవు కాదనకున్నచో గుఱ్ఱము ఆరోగ్యముగా నున్నదనుకొందును" అని యడిగినచోట అమ్మువాడు మౌనము వహించినయెడల ఆ మౌనము మాటతో సమానము. అనగా ప్రశ్న పుట్టిన క్షణమునుండి మన బాధ్యత మారిపోవును. జవాబు ఎగవేయుట కూడ జవాబే యగును.

18వ సెక్షను ప్రకారము తగిన ఆధారము లేకుండ నిశ్చయముగా చెప్పిన మాట నిజము కానిచో, చెప్పినవాడు దానిని నమ్మి చెప్పినను, అది అయథార్థ కథనమే. పైన చెప్పిన మూడవ నియమమునకు ఇదియే మూలము.

1930వ సంవత్సరపు సరుకుల విక్రయ చట్టము 15, 17 సెక్షనులను బట్టి, వివరము చెప్పి అమ్మిన సరుకు ఆ వివరమునకును, నమూనా చూపి అమ్మిన సరుకు ఆ నమూనాకును సరిపోవలెను. రెండును చూపి అమ్మినచో రెండింటికిని సరిపోవలెను. 64వ సెక్షను వేలమును గూర్చినది. తాను పాడు హక్కు ఉంచుకొనినట్లు ముందుగా తెలుపక, అమ్మువాడు తానుగాని తన మనిషిచేతగాని పాడించుట చట్టవిరుద్ధము. బావమఱదిచేత పాట పెంచించుట తెలివి యని తలచువారు ఈ సెక్షనును జ్ఞాపకముంచుకొనవలెను.

7. పాత ట్రాక్టరు అమ్మునపుడు

పాత యంత్రమునకు ప్రశ్నలు అధికముగా వచ్చును. ఏ సంవత్సరపుది? గంటల మీటరు ఎంత చూపుచున్నది? మీటరు పనిచేయుచున్నదా? ఇంజను విప్పి బాగుచేయించినారా? టైర్లు ఎప్పుడు మార్చినారు? బ్యాంకు అప్పున్నదా? ఎందుకు అమ్ముచున్నారు? వీనికన్నిటికిని కాగితములు దగ్గఱ పెట్టుకొని జవాబు చెప్పవలెను. మీటరు ఆగియున్నచో "మీటరు రెండేండ్లనుండి పనిచేయుటలేదు" అని చెప్పవలెనే గాని, ఆగిన అంకెను చెప్పరాదు.

ఆర్.సి. బదిలీకి 29, 30 నంబరు ఫారములు కావలెను. అప్పు తీఱినచో 35వ నంబరు ఫారమును, బ్యాంకు ఉత్తరమును కావలెను. కొనువాడు పైరాష్ట్రమువాడైనచో 28వ నంబరు ఫారము ప్రకారము నిరభ్యంతర పత్రము కావలెను. "కాగితములన్నియు ఉన్నవి" అనుటకంటె "35వ ఫారము బ్యాంకునుండి వచ్చినది, ఫొటో ఇదిగో" అనుట మేలు. చల్లని ఇంజనును మొదటిసారి స్టార్టు చేయుటనుండి వీడియో తీసి పంపినచో సగము ప్రశ్నలు అక్కడనే తీఱును.

8. జవాబు చెప్పగూడని ప్రశ్నలు

ప్రశ్నవలె కనబడు ప్రతిదియు ప్రశ్న కాదు. "మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పుడు", "డబ్బు మీకు చేరుటకు యూపీఐ పిన్ నొక్కుడు", "ఈ క్యూఆర్ బొమ్మను స్కాను చేయుడు" అని యడుగువాడు సరుకు కొనువాడు కాడు. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అవసరము లేదు. పిన్ నొక్కినచో మన డబ్బే పోవును. సరుకును గూర్చి ఒక్క మాటయు అడుగక, అడిగిన ధరకు వెంటనే ఒప్పుకొని, డబ్బు పంపు తొందరలో నున్నవానిని అనుమానింపవలెను. మోసము జరిగినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

"వేలము ఆపి నాకే ఇచ్చివేయుడు, పైన కొంత ఇచ్చెదను" అనువానికి, "పాట అందఱికిని తెఱచియున్నది, మీరును పాడవచ్చును" అని మర్యాదగా చెప్పవలెను. "చివరి ధర ఎంత?" అనువానికి కనీసపు ధర ప్రకటించియున్నచో దానిని చెప్పి, తక్కినది పాటయే తేల్చునని చెప్పిన చాలును.

9. సంఘము చేయవలసిన పని

సంఘము పేర లాటు పెట్టినపుడు సరుకు అనేకులది, పేరు ఒక్కటి. ఒక సభ్యుడు అడుగున తడిసిన బస్తాలు కలిపి "అంతయు ఎండినదే" అని చెప్పినచో, మఱుసారి ఖరీదుదారు సంఘపు ప్రతి బస్తాను తడిసినదిగానే యెంచి పాడును. ఒకని అబద్ధమునకు నలువదిమంది తరుగు చెల్లింతురు. అట్లే ఒకసారి నిజము చెప్పి, చెప్పినట్లే సరుకు దింపిన సంఘమునకు రెండవసారి ప్రశ్నలు తగ్గును, పాట పెరుగును. ఈ పేరు సంపాదించుటకు పెట్టుబడి లేదు. పోగొట్టుకొనుటకు ఒక లారీ చాలును.

కావున ప్రతి సంఘమును తేమ కొలుచు యంత్రమొకటి, నమూనా సంచులు, ప్రశ్నల రిజిస్టరు ఒకటి ఉంచుకొనవలెను. రిజిస్టరులో ప్రశ్న వచ్చిన తేదీ, అడిగినవారు, ఇచ్చిన జవాబు, కాంటా వద్ద తేలిన నిజము వరుసగా వ్రాయవలెను. ఒక పంటకాలము గడచునప్పటికి ఏ ప్రశ్నలు తరచుగా వచ్చుచున్నవో, మన జవాబులు ఎచ్చట తప్పినవో కనబడును. చదువు వచ్చిన యువకుని యొకనిని జవాబులు వ్రాయుటకు ఏర్పఱుపవలెను. అతడు సరుకును స్వయముగా చూడక ఒక్క జవాబును వ్రాయరాదు.

సంఘ సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. 20 శాతము తేమగల 50 క్వింటాళ్ళ మొక్కజొన్న 14 శాతమునకు ఆరినపుడు ఎంత తూగును? (జవాబు: సుమారు 46 క్వింటాళ్ళ 51 కిలోలు.)

2. "సరుకు ఎట్లున్నది?" అని మాత్రమే ఒక ఖరీదుదారు అడిగెను. నాలుగు పంక్తులలో జవాబు వ్రాయుడు. అందు కనీసము మూడు అంకెలు, ఒక లోపము ఉండవలెను.

3. వేలము ముగియుటకు గంట ముందు రెండు బస్తాలలో పురుగు కనబడినది. అప్పటికే అయిదుగురు పాడియున్నారు. సంఘము ఏమి చేయవలెను? ఎవరెవరికి చెప్పవలెను?

4. మీ యింట నమ్మదలచిన ఒక పాత పనిముట్టును తీసికొని, మీరే ఖరీదుదారులైనచో ఏమేమి అడుగుదురో పది ప్రశ్నలు వ్రాయుడు. పిదప అమ్మువారై జవాబులు వ్రాయుడు. జవాబు వ్రాయుటకు కష్టమైన ప్రశ్నయే వేలమునకు ముందు మీరు బాగుచేయింపవలసిన భాగమును చూపును.

— వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు, తొండుపల్లి